విమానము నడుపువారి చెవి

మన పూర్వులు విద్యకు వినుటయే మొదటి మెట్టుగా నెంచిరి. వేదమునకు శ్రుతి యని పేరు. చాల చదివినవానికి బహుశ్రుతుడని పేరు. గురువునకు చేయు సేవకు శుశ్రూష యని పేరు. ఆ మాటకు వినగోరుట యని మూలార్థమని సోదరీమణులలో పెక్కురెరుగుదురు. కంటికి రెప్ప గలదు గాని చెవికి మూత లేదు. వలదనుకొన్న శబ్దమును త్రోసివేయు శక్తి దేహమునకు లేదు గనుక, ఆ పనిని మనుష్యుడు తన బుద్ధితో చేసికొనవలసి వచ్చినది. నేడు ఈ పని మిక్కిలి యవసరమైనవారు విమానము నడుపువారు. వారు చెవులపై ధరించు హెడ్‌సెట్టును గూర్చియు, దాని నెన్నుకొను విధమును గూర్చియు ఈ నెల కొంత ముచ్చటించ దలచితిమి.

చౌటుప్పల గృహిణులకు హెడ్‌సెట్టుతో నేమి పని యని నవ్వువారుందురు. మా యూరి నడుమనుండి హైదరాబాదు విజయవాడల రహదారి పోవుచున్నది. హైదరాబాదు మాకు సుమారు 50 కిలోమీటర్లు. 2008వ సంవత్సరము మార్చి 23వ తేదీన శంషాబాదు విమానాశ్రయము పనిచేయ నారంభించిన నాటినుండి ఈ ప్రాంతపు పిల్లలకు విమానము కథలలోని పుష్పకము కాక, కంటి యెదుటి ఉద్యోగమైనది. ప్రపంచమున విమాన చాలకులలో స్త్రీలు నూటికి ఐదుగురు మాత్రమే యుండగా, మన దేశమున నూటికి పన్నెండు మొదలు పదిహేను మంది వరకు గలరు. ఈ చదువునకు దాదాపు అరకోటి రూపాయల వ్యయమగును. రహదారి ప్రక్క తుండు భూమి నమ్మియైన కూతును పంపు తండ్రులు మా ప్రాంతమున లేకపోలేదు. ఇంత వ్యయము చేసిన పిదప కడపట కొనవలసిన చిన్న వస్తువు హెడ్‌సెట్టు. చిన్నదని దానిని ఆలోచింపక కొనువారును, ప్రియమైనదే మేలైనదని కొనువారును గలరు. రెండును తగవని మా యభిప్రాయము.

ముందుగా శబ్దమును గూర్చి తెలిసికొనవలెను. దీనిని కొలుచు ప్రమాణమునకు డెసిబెల్ అని పేరు. ఇది బియ్యము కొలిచినట్టి లెక్క కాదు. 3 డెసిబెళ్లు పెరిగినచో శబ్దశక్తి రెట్టింపగును. 10 పెరిగినచో పదిరెట్లగును. 85 డెసిబెళ్ల శబ్దమున దినమునకు 8 గంటలకు మించి యుండరాదని అమెరికా దేశపు వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థవారు నిర్ణయించిరి. 88 అయినచో 4 గంటలే. 91 అయినచో 2 గంటలు. 94 అయినచో ఒక్క గంట. శిక్షణకు వాడు సెస్నా వంటి చిన్న విమానములలో ఇంజనునకును ప్రొపెల్లరునకును చాలకుని ముఖమునకును మధ్య సన్నని రేకు గోడ మాత్రమే యుండును. అందు శబ్దము సాధారణముగా 90 డెసిబెళ్లకు పైననే. వాణిజ్య విమాన చాలకుల లైసెన్సునకు మన దేశమున 200 గంటల విహారము కావలెను. అనగా ఉద్యోగము రాకమునుపే ఆ బిడ్డ చెవులు 200 గంటల మ్రోతను భరింపవలెనన్నమాట. ప్రయాణికులను గొనిపోవు పెద్ద జెట్ విమానములలో ఇంజనులు వెనుకనుండుటచే చాలకుల గది కొంత మేలు. అచ్చట మ్రోత ముక్కుభాగమునకు తగులు గాలివలనను, గది చల్లబరచు యంత్రములవలనను, పరికరముల పంకాలవలనను పుట్టును. అది సుమారు 75 మొదలు 85 డెసిబెళ్ల వరకు నుండును. తక్కువయే గాని, ముప్పది యేండ్లు ప్రతిదినము వినవలసినది.

మా మండలములోని కొయ్యలగూడెమున చేమగ్గముల టకటకలు విన్నవారికి ఆ చప్పుడు విసుగు పుట్టింపదు. నడుమ నడుమ విరామము గలదు. మరమగ్గముల షెడ్డులోనికి పోయి చూడుడు. అచ్చటివారు చేతిసైగలతో మాటలాడుకొందురు. కొన్నియేండ్లు పనిచేసినవారు ఇంటికడ కూడ బిగ్గరగా మాటలాడుట మనము చూచుచునే యున్నాము. లోచెవిలో నత్తగుల్లవంటి భాగమొకటి గలదు. దానియందు రోమములు గల సూక్ష్మకణములు శబ్దమును గ్రహించును. ఎడతెగని మ్రోతకు అవి నశించును; నశించినవి మరల మొలవవు. నొప్పి లేదు, రక్తము లేదు, గనుక నష్టము తెలియరాదు. ముందుగా పోవునది సన్నని ధ్వనులను వినుశక్తి.

విమానములలో స్త్రీ యడుగిడిన తొలిదినములలో ఈ బాధ నెవ్వరును లెక్కింపలేదు. 1947వ సంవత్సరమున వాణిజ్య విమాన చాలకుల లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్ గారికి పెక్కు సంస్థలు స్త్రీ యను కారణమున ఉద్యోగ మీయ నిరాకరించినవి. తుదకు చేర్చుకొన్నది మన హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ. భారతదేశమున తొలి వాణిజ్య విమాన చాలకురాలిగా ఆమె కీర్తి గడించినది. ఆ సంస్థవారి డకోటా విమానములకు రెండు పెద్ద పిస్టన్ ఇంజనులు, రేకు గోడలు, ఎడతెగని హోరు. ఆ కాలపు శ్రవణ సాధనములు మాట వినిపించుటకేగాని, మ్రోత నాపుటకు చేసినవి కావు. మాట వినవలెనన్న రేడియో శబ్దమును హోరుకంటె పైకి పెంచుటయే గతి. మ్రోతమీద మ్రోత చేరెడిది. ఆ డెక్కన్ ఎయిర్‌వేస్ 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ నందు విలీనమైనది. ఆ పిదప 2016వ సంవత్సరము జూన్‌లో హైదరాబాదు చెంతనున్న దుండిగల్ వైమానిక అకాడమీయందు మన దేశపు తొలి యుద్ధవిమాన చాలకురాండ్రు మువ్వురు పట్టము పొందిరి. ఈ నడుమ దాదాపు డెబ్బదియేండ్లలో చెవిపై ధరించు సాధనమును మిక్కిలి మారినది.

దీని పుట్టుక సోదరీమణులకు వింత గొల్పును. అమెరికాలోని యూటా రాష్ట్రమున నెథానియేల్ బాల్డ్విన్ అనునతడు తన వంటింటిలోనే హెడ్‌ఫోనులు చేసి, 1910వ సంవత్సరమున అచ్చటి నౌకాదళమునకు పంపెను. వంటింటినుండి సముద్రమునకు పోయిన ఈ వస్తువు తరువాత ఆకాశమున కెక్కినది. పిమ్మట అదే దేశపు డేవిడ్ క్లార్క్ సంస్థవారు చెవినంతయు కప్పు గట్టి డొప్పలతో ఆకుపచ్చని హెడ్‌సెట్లను చేసిరి. అవి నేటికిని శిక్షణ విమానములలో కానవచ్చుచున్నవి. మూడవ మలుపునకు కారకుడు అమర్ బోస్. ఈయన తండ్రి కలకత్తానుండి అమెరికా చేరిన స్వాతంత్ర్య యోధుడు. 1978లో జ్యూరిచ్ నుండి తిరిగివచ్చుచు, విమానములో ఇచ్చిన హెడ్‌ఫోనులతో సంగీతము వినబోయి, మ్రోతచే వినలేక, ఆ ప్రయాణములోనే మ్రోతను మ్రోతతో నణచు లెక్కలు వేసెను. 1986 డిసెంబరులో వాయేజర్ అను చిన్న విమానము నడుమ ఎచ్చటను దిగక, ఇంధనము నింపుకొనక 9 దినములలో భూమిని చుట్టివచ్చినది. దాని నడిపిన యిరువురిలో జీనా యేగర్ స్త్రీ. వారి చెవులను కాపాడినది ఈ కొత్త హెడ్‌సెట్టు నమూనాయే. 1989లో అది అంగడికి వచ్చినది.

ఇప్పుడు హెడ్‌సెట్లు రెండు తెగలు. మొదటి తెగకు విద్యుత్తు అక్కరలేదు. డొప్ప, దానిలోని నురుగు, చెవిచుట్టు మెత్త, తలపై పట్టు, ఇంతే. దీనిచే సన్నని, కీచుమను ధ్వనులు చక్కగా తగ్గును. ఇంజనువంటి బొంగురు హోరు లోనికి చొచ్చివచ్చును. రెండవ తెగయందు డొప్పలోపల చిన్న మైకు ఉండును. లోనికి వచ్చిన హోరును అది విని, దానికి సరిగా ఎదురైన ధ్వనిని తక్షణమే పుట్టించును. చెరువున రెండు అలలు కలిసినప్పుడు, ఒకదాని యెత్తు మరియొకదాని పల్లమున పడినచో నీరు సమమగుట చూచియుందురు. అదే యుపాయము. ఇది ఎడతెగని బొంగురు హోరునందే రాణించును. హఠాత్తుగా పుట్టు ధ్వనులయందు, సన్నని ధ్వనులయందు దీని శక్తి స్వల్పము. కావున రెండవ తెగ కూడ మంచి డొప్పను, బిగువైన మెత్తను ఆశ్రయించియే యుండును. ఎలెక్ట్రానిక్ విద్య యెంతయున్నను మెత్తకును చర్మమునకును నడుమ సందున్నచో ఫలము సన్నగిల్లును.

ఇట్లు మ్రోత నణచుట సుఖమునకొరకు మాత్రమే కాదు. ఇందు ప్రాణముల ప్రశ్న గలదు. మాటయందు అచ్చులు బలమునిచ్చును, హల్లులు అర్థమునిచ్చును. పాలు, తాలు, కాలు అను మాటలలో భేదమంతయు తొలి హల్లునందే యున్నది. మ్రోతలో ముందుగా మునిగిపోవునది ఆ హల్లే. ఆకాశమున అంకెలలో ఒక్కటి తప్పుగా విన్నను విమానము వేరొక యెత్తునకు పోవును. అందుచే వారు ఆంగ్లమున మూడును ట్రీ యనియు, ఐదును ఫైఫ్ యనియు, తొమ్మిదిని నైనర్ అనియు పలుకుదురు. అక్షరములకు ఆల్ఫా, బ్రావో, చార్లీ యను పేళ్లు 1956నుండి ప్రపంచమంతట నిలిచినవి. క్రిందినుండి వచ్చిన ముఖ్యమైన ఆజ్ఞను చాలకుడు మరల పలికి వినిపింపవలెను. గురువు చెప్పినది శిష్యుడు వల్లించుట, పదము, క్రమము, జట, ఘనము అని ఒకే వాక్యమును పలువిధముల త్రిప్పి పలుకుట మన వేదపాఠకు లెరిగిన మర్మమే. చెవి పొరపడకుండుటకు నోటిని కావలి యుంచిరి.

1977వ సంవత్సరము మార్చి 27న టెనెరిఫే ద్వీపములోని విమానాశ్రయమున రెండు పెద్ద బోయింగు విమానములు రన్‌వేపై ఢీకొని 583 మంది మరణించిరి. పొగమంచు, తొందర, మాటల యస్పష్టత, ఇట్లు కారణములు పెక్కు. వానిలో నొకటి ఇది: క్రింది యధికారియు రెండవ విమానమువారును ఒకే క్షణమున రేడియోలో మాటలాడుటచే కీచుమను ధ్వని పుట్టి, ఇంకను రన్‌వేపైననే యున్నామను మాట పైకి లేవనున్న విమానమువారికి స్పష్టముగా వినబడలేదు. ఏ హెడ్‌సెట్టును ఆ కీచును మాటగా మార్చజాలదు. వినబడని మాట యొక్కటి ఎంత పని చేయునో తెలుపుటకే దీని నుదాహరించితిమి.

ఇక ఎన్నుకొను విధము. మొదట విచారింపవలసినది బిడ్డ యే విమానమున నుండు ననునది. ప్రొపెల్లరు గల శిక్షణ విమానమునకు చెవి నంతయు కప్పు గట్టి డొప్పలు కావలెను. జెట్ విమానములకొరకు చేసిన, చెవిలో నిమిడెడి తేలికరకములు ఈ హోరునకు చాలవు. అట్టివానిలో బోస్‌వారి ప్రోఫ్లైట్ 150 గ్రాములకు లోబడియుండును. డొప్పల హెడ్‌సెట్టు అరకిలో వరకు తూగును. పది గంటల ప్రయాణములో ఆ భేదము మెడకు తెలియును గాని, సెస్నాలో తేలికను కోరి చెవిని నష్టపరచుకొనరాదు. ఒకే హెడ్‌సెట్టు శిక్షణకును పెద్ద యుద్యోగమునకును సరిపోవునని కొనుట తరచు వ్యర్థమగును. విద్యుత్తు లేని మంచి డొప్పలు విదేశములలో నాలుగువందల డాలర్ల ప్రాంతమున దొరకును. మ్రోత నణచువానిలో మేలైనవి వెయ్యి డాలర్లకు మించును. శిక్షణకు మొదటి తెగయే కొని, మిక్కిలి హోరైనచోట డొప్పలక్రింద మెత్తని చెవిబిరడాలు కూడ ధరించినను చెవి క్షేమముగనే యుండును. మిగిలిన ధనము ఉద్యోగము వచ్చినపుడు ఆ విమానమునకు తగినది కొనుటకు పనికివచ్చును.

రెండవది ప్లగ్గు. చిన్న విమానములలో సాధారణముగా రెండు ప్లగ్గులు. వినుటకొకటి, మాటలాడుట కొకటి. హెలికాప్టరునకు ఒకటే. ఎయిర్‌బస్ విమానములలో ఐదు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ అనునది వాడుక. ప్లగ్గు సరిపడనిచో వేలుపోసి కొన్నది అలంకారమగును.

మూడవది తల. ఇది స్త్రీలు ముఖ్యముగా గమనింపవలెను. నడినెత్తిపై ముడి వేసికొన్నచో తలపట్టు నిలువదు. ముడి మెడ వెనుకకు దింపుకొనవలెను. కళ్లజోడు గలవారు సన్నని కాడలవి ధరింపవలెను. లావైన కాడ మెత్తను పైకెత్తి సందు చేయును. ఆ సందునుండి హోరు దూరును. జుమికీలు, లోలాకులు డొప్పల క్రింద ఇమడవు. బోసి చెవులు కూడదని మన యిండ్లలో పెద్దలందురు. ఆకాశమున నున్నంతసేపు దుద్దులు తీసి పెట్టెలో నుంచి, నేలకు దిగి ధరించినచో శుభమునకు లోటురాదు. పట్టు మరీ వదులైన మ్రోత వచ్చును. మరీ బిగువైన తలనొప్పి వచ్చును. అంగడిలో ఐదు నిమిషములు ధరించి కొనరాదు. రెండు గంటలు ధరించిన గాని నడినెత్తి మండుట తెలియదు.

నాలుగవది మైకు. పెదవిచెంతకు వచ్చు మైకు చుట్టునున్న హోరును వదలి మాటనే గ్రహించునట్లు చేయబడినది. అది పెదవికి వ్రేలివెడల్పు దూరమున, కొంచెము ప్రక్కగా నుండవలెను. దూరమైనచో క్రిందివారికి హోరే వినబడును. నిర్ణీతమైన యెత్తునకు దిగువ నున్నపుడు చాలకు లిట్టి మైకుతో గాని, గొంతునకు తగిలించు మైకుతో గాని మాటలాడవలెనని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమము గలదు.

ఐదవది, చెవిలో పడరానిదేది, పడవలసినదేది యను వివేకము. గదిలో మ్రోగు హెచ్చరిక ధ్వనులు కొన్ని హెడ్‌సెట్టుగుండ రావు. మ్రోత నణచు సాధనములు ధరించినవారు వానిని వినకపోవచ్చునని అమెరికా విమానయాన శాఖ 2007వ సంవత్సరమున చాలకులను హెచ్చరించినది. కావున కొత్తది ధరించిన నాడు నేలపైననే గదిలోని ప్రతి హెచ్చరికను మ్రోగించి చూచుకొనవలెను. పెద్ద విమానములలో ప్రక్కవాని మాట వినుటకై ఒక చెవి నుండి డొప్పను తొలగించుట కొందరి వాడుక. అట్లు చేసినవారు రెండవ చెవిలో రేడియోను బిగ్గరగా పెంచుదురు. రెండు చెవులకును కీడే. ప్రక్కవారి మాటను లోనికి రానిచ్చు ఏర్పాటు గల రకములు నేడు దొరకుచున్నవి. హోరు తగ్గినకొలది రేడియోను తగ్గించి వినుటయే ఈ సాధనముల నిజమైన లాభము. అది చేయనివారికి వెల మాత్రము మిగులును.

ఆరవది బ్యాటరీ. అది నడుమ నయిపోయినను రేడియో మాట యథాప్రకారము వినబడుచుండవలెను. అట్లు కానిదానిని కొనరాదు. ఏడవది, ఉద్యోగమిచ్చు సంస్థ యే రకములను అనుమతించునో ముందే యడిగి తెలిసికొనుట. ఎనిమిదవది శుభ్రత. దువ్వెనవలె హెడ్‌సెట్టు కూడ ఒకరిదే కావలెను. మెత్తలు చెమటకు గట్టిపడి చిట్లును. చిట్లిన మెత్తను మార్చుటకు కొద్ది రూపాయలే చాలును, దానిచే కొత్త హెడ్‌సెట్టు కొన్నంత గుణము కలుగును.

మన కవులు హంస నీటిని వదలి పాలను గ్రహించునందురు. మంచి హెడ్‌సెట్టునకు కావలసిన గుణ మదియే. నీటితోపాటు పాలను కూడ పారబోయునది హంస కాదు. నిశ్శబ్దమే పరమార్థమైనచో చెవిలో దూది పెట్టుకొన్న చాలును. మాట నిలిచి మ్రోత తొలగుటే యిచ్చట ప్రయోజనము.

ఉద్యోగమును ఈ చెవిమీదనే నిలిచియున్నది. అంతర్జాతీయ నియమముల ప్రకారము వాణిజ్య విమాన చాలకుల చెవులను శిక్షణారంభమునను, పిదప నలువదియేండ్ల వరకు ఐదేండ్లకొకమారైనను, ఆ తరువాత రెండేండ్లకొకమారైనను పరీక్షింతురు. 500, 1000, 2000 హెర్ట్‌జుల ధ్వనులయందు 35 డెసిబెళ్లకు మించియు, 3000 హెర్ట్‌జులయందు 50 డెసిబెళ్లకు మించియు ఏ చెవికిని లోపముండరాదు. ఉన్నచో విమానపు హోరువంటి హోరులో మాట వినగలరేమో మరల పరీక్షించి నిర్ణయింతురు. పొలమమ్మి చదివించిన చదువు చెవిలోని కంటికి కానరాని రోమములపై నిలుచుట ఇట్లు.

కావున తల్లులకు మా మనవి యొక్కటి. హెడ్‌సెట్టు కొనుటకు ముందే చెవిని కాపాడుట నేర్పుడు. పెండ్లి ఊరేగింపులలో డీజే పెట్టెల ముందు నిలువనీయకుడు. రాత్రి యెల్ల చెవులలో ఇయర్‌ఫోనులు పెట్టి బిగ్గరగా పాటలు విననీయకుడు. బిడ్డ అంగడినుండి ఫోను చేసి వెల చెప్పినపుడు, ఎంత యని గాక, ఏ విమానమునకు, ఏ ప్లగ్గు, రెండు గంటలు ధరించి చూచితివా యని యడుగుడు. ఆ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన బిడ్డకు ధైర్యముగా ధనము పంపవచ్చును.